నాలుగు గ్రాములు తక్కువ

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆవిడ గ్రాములమ్మ. మొదట్లో ఆ మాట మొహం మీద అనే ధైర్యం లేక చాటుమాటుగా అనుకునేవారు. కొన్నేళ్లకు ఆవిడే ఫోనెత్తి, "ఆఁ, గ్రాములమ్మని మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం మొదలుపెట్టింది. ఇక చాటెందుకు, మాటెందుకు. కొత్తగా చేరిన డాక్టర్లు కూడా "గ్రాములమ్మగారు డ్యూటీలో ఉన్నారా?" అని కనుక్కున్నాకే వార్డులో అడుగుపెట్టేవారు. ఉన్నారంటే చేతులు రెండోసారి కడుక్కునేవారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది, మూడో అంతస్తులో. దాని కింద రెండో అంతస్తులో కాన్పు కష్టమయ్యేలా ఉన్న తల్లుల వార్డు. బీపీ పెరిగినవాళ్లు, ఉమ్మనీరు తగ్గినవాళ్లు, కవలల్ని మోస్తున్నవాళ్లు అక్కడ వారాల తరబడి ఎడమవైపు తిరిగి పడుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఇంకొక్క రోజు లోపలుంటే బిడ్డకు అంత మేలు. ఇక ఆగే దారి లేదనుకున్న బిడ్డ లిఫ్టులో పైకొస్తుంది. పైన పద్నాలుగు గాజు పెట్టెలు. ఒక్కోదానికి చేతులు దూర్చడానికి రెండు గుండ్రటి కిటికీలు. లోపల అరచేతిలో ఇమిడే మనిషి, ఒంటి నిండా గొట్టాలతో.

ఇలాంటి పిల్లలకు బరువే అన్నీ. మందు బరువును బట్టే, పాలు బరువును బట్టే, పెట్టెలో వేడి కూడా బరువును బట్టే. పది గ్రాములు పెరిగిందంటే ఆ పూట వార్డంతా కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. ఇరవై తగ్గిందంటే పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. ఆవిడ అక్కడ నర్సుగా చేరేనాటికి తూకమంటే బిడ్డను టోపీతో, గుడ్డతో, చేతి బద్దతో సహా త్రాసు మీద పడుకోబెట్టి అది ఎంత చూపిస్తే అంత రాసెయ్యడమే. చేతి బద్దంటే మరేం లేదు, సెలైన్ సూది కదిలిపోకుండా బిడ్డ చేతికి కట్టే చిన్న చెక్క. ఈవిడకది మింగుడు పడలేదు. "రేపు ఆ బద్ద విప్పేస్తే బిడ్డ చిక్కిపోయిందని మందు మారుస్తారా?" అని అడిగింది. అడిగి ఊరుకునే రకమా? ఒక ఆదివారం కూర్చుని వార్డులో బిడ్డ ఒంటి మీద ఉండే ప్రతి వస్తువునూ తూచింది. పొడి గుడ్డ పద్నాలుగు, టోపీ ఆరు, బద్ద ఎనిమిది, బొడ్డు క్లిప్పు రెండు. పట్టిక రాసి త్రాసు పైన గోడకు అంటించింది. త్రాసు చూపించిన అంకెలోంచి ఇవన్నీ తీసెయ్యాలి, మిగిలిందే బిడ్డ. పెద్ద డాక్టరు అందరి ముందూ, "ఇన్నేళ్లుగా మనలో ఒక్కరికీ తట్టలేదు చూడండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆవిడ కాళ్లు వారం రోజులు నేల మీద ఆనలేదు.

మనిషి ముక్కుసూటి. మొహమాటమన్నది ఒంట్లో లేదు. మంత్రిగారి బంధువొచ్చినా, మేడ ఊడ్చే మనిషి కూతురొచ్చినా బయట చెప్పులు విడవాల్సిందే, మోచేతుల దాకా కడుక్కోవాల్సిందే. భర్త అచ్చాఫీసులో మెషీన్ దగ్గర పనిచేసేవాడు. నెమ్మదస్తుడే గాని వేళాకోళం కాస్త ఎక్కువ. ఆవిడ కూరలో ఉప్పు వేస్తుంటే వెనక నుంచి, "డబ్బా బరువు తీసేశావా?" అనేవాడు. ఇద్దరు కొడుకులూ కిసుక్కుమనేవారు. ఆవిడ గరిటె ఎత్తి చూపించేది, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయేది.

ఇంతవరకూ వింటే ఇది సరదా మనిషి కథలాగే ఉంటుంది. అలాగే ఉంటే ఎంత బాగుండేది.

ఆవిడకో చెల్లెలు ఉంది. ఎనిమిదేళ్లు చిన్నది. చెల్లెలికి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి ఈవిడకు పన్నెండు. పన్నెండేళ్ల పిల్ల నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని పెంచింది. జడలు వేసింది, అక్షరాలు దిద్దించింది, జ్వరమొస్తే బడి మానేసి పక్కన కూర్చుంది. దాన్ని 'చిట్టీ' అని తప్ప ఇంకోలా పిలవలేదు. చెల్లెలు కూడా అక్క గీసిన గీత దాటేది కాదు. ఆ ఇంట్లో "అక్క చెప్పింది" అంటే పై కోర్టు తీర్పు, దాని మీద అప్పీలు లేదు. పెళ్లయ్యాక కూడా చెల్లెలు మొగుడితో మాట తేడా వస్తే, "ఉండండి, అక్కనడిగి చెప్తా" అనేది. మరిది దూరప్రాంతాల బస్సు డ్రైవరు, మంచివాడు. "నాకు పెళ్లాం ఒకత్తే గాని అత్తలు ఇద్దరు" అని నవ్వేసేవాడు. అత్తగారు లేని మనిషి ఇద్దరని ఎలా లెక్కేశాడో అడిగితే, "మీ అక్కను ఒక్కతేనని ఎవడంటాడు" అనేవాడు.

చెల్లెలికి ఆరో నెలలో కాళ్ల మీద చెప్పుల వార్లు లోతుగా దిగబడటం ముందు చూసింది అక్కే. అప్పటికప్పుడు బీపీ చూసి, ఆ మధ్యాహ్నమే తీసుకొచ్చి రెండో అంతస్తులో చేర్పించింది. మూడు వారాలు కళ్లలో వత్తులేసుకుని కాపలా కాసింది. ఇరవై ఏడో వారంలో పెద్ద డాక్టరు ఇక ఆగితే తల్లికి ప్రమాదమన్నాడు. మగపిల్లవాడు. ఎనిమిది వందల డెబ్బై గ్రాములు. లిఫ్టులో పైకి తెచ్చింది ఆవిడే. ఐదో నంబరు పెట్టెలో పెట్టారు.

"పెద్దమ్మ ఇక్కడుండగా వాడికేం భయం" అన్నారు వార్డులో అందరూ.

భయం లేకేం. మొదటి వారం వాడు చిక్కి ఏడు వందల తొంభైకి దిగాడు. తర్వాత పుంజుకున్నాడు. రోజుకు పది, పన్నెండు, ఒక రోజు ఏమీ లేదు, ఒక రోజు ఇరవై. చెల్లెలు తల్లుల గదిలో ఉండి రోజుకు ఆరుసార్లు పైకొచ్చేది. గుండ్రటి కిటికీలోంచి చెయ్యి దూర్చి ఒక్క వేలు ఇచ్చేది. వాడు ఆ వేలు పట్టుకునేవాడు. అంతకు మించి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ వార్డులో వెయ్యి గ్రాములు దాటాకే బిడ్డను పెట్టెలోంచి తీసి తల్లి చేతికివ్వాలని నియమం. బయటికి తీస్తే ఒంట్లో వేడి పోతుందనీ, రోగాలు అంటుకుంటాయనీ అప్పట్లో అందరూ అలాగే అనుకునేవారు. ఆ నియమం పెట్టింది పెద్ద డాక్టరు. దాన్ని తు.చ. తప్పకుండా నడిపింది గ్రాములమ్మ.

"ఎప్పుడు ఎత్తుకోవచ్చే అక్కా?" అని రోజూ అడిగేది చెల్లెలు.

"వెయ్యి దాటనీ, చిట్టీ. నీ కొడుకే కదా, ఎక్కడికి పోతాడు" అనేది అక్క.

ఇరవై ఐదో రోజు వాడు తొమ్మిది వందల ఎనభై ఎనిమిది. "రేపు దాటేలా ఉన్నాడు" అని అక్కే నోరు జారింది. మర్నాడు చెల్లెలు పొద్దున్నే స్నానం చేసి, గోళ్లు తీసుకుని, ముందువైపు గుండీలున్న గౌను వేసుకుని వార్డు గాజు తలుపు అవతల బెంచీ మీద కూర్చుంది. ఏడున్నరకు తూకం. ఆవిడా, తోటి నర్సూ కలిసి టోపీ, గుడ్డ తీసేసి వాడిని త్రాసు మీద పడుకోబెట్టారు. త్రాసు వెయ్యీ నాలుగు చూపించింది.

తోటి నర్సు మొహం వెలిగిపోయింది. "దాటేశాడే మీవాడు. పద, ఇచ్చేద్దాం."

గ్రాములమ్మ చూపు వాడి ఎడమ చేతి మీద పడింది. క్రితం సాయంత్రమే కొత్త సూది పెట్టి బద్ద కట్టారు. బద్ద ఎనిమిది గ్రాములు. తీసేస్తే తొమ్మిది వందల తొంభై ఆరు.

"అబ్బ, ఆ ఎనిమిదీ ఇవాళ్టికి వదిలెయ్యవే" అంది తోటి నర్సు. "ఎవరు చూడొచ్చారు?"

"మొన్న ఇస్త్రీ పని చేసుకునే ఆ తల్లికి పది గ్రాములు తక్కువని బిడ్డనివ్వలేదు నేను. ఏడ్చి వెళ్లింది పాపం. ఇవాళ నా చెల్లెలికని వదిలేస్తే ఆవిడకు నా మొహం ఎలా చూపించను?"

అందులో అబద్ధమేమీ లేదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఆ పట్టిక తనది. తన పట్టికను తనే మీరితే వార్డులో రేపు ఎవరు లెక్కచేస్తారు? గ్రాములమ్మ తనవాళ్ల దగ్గరికొచ్చేసరికి తూకం మార్చిందని అనరూ? పరువు అనేది ఒకటుంటుంది కదా మనిషికి. అదీ పనిచేసింది లోపల. ఆవిడ కాగితం మీద తొమ్మిది వందల తొంభై ఆరు అని రాసి సంతకం పెట్టింది. వాడిని మళ్లీ పెట్టెలో పడుకోబెట్టి బయటికొచ్చింది.

"ఇంకా నాలుగు గ్రాములు తక్కువే చిట్టీ. రేపటికి దాటేస్తాడులే."

చెల్లెలు లేచి నిలబడింది. "ఒక్క నిమిషం కూడా కుదరదా?"

"రూలు రూలే కదే. ఒక్క రోజు ఓపిక పట్టు."

"సరే అక్కా" అంది చెల్లెలు. పైనున్న రెండు గుండీలు విప్పి ఉంచుకుంది కాబోలు, వాటిని పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. త్రాసు ఏమి చూపించిందో ఆమెకు తెలియదు. అక్క చెప్పలేదు.

నాలుగు గ్రాములంటే టీలో వేసుకునే ఒక చెంచా చక్కెర. అంతే. తలుచుకుంటే ఈ కథ చెప్పేవాళ్లకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు తూకం వేయకముందే వాడి పొట్ట ఉబ్బింది. తాగించిన పాలు పచ్చగా వెనక్కొచ్చాయి. పేగులకు జబ్బు. నెలలు నిండని పిల్లలకు అది ఉన్నట్టుండి వస్తుంది, వస్తే మాట వినదు. వార్డంతా వాడి చుట్టూ చేరింది. పెద్ద డాక్టరు ఇంటికి వెళ్లలేదు. గ్రాములమ్మ డ్యూటీ దిగలేదు. అప్పుడైనా వాడిని తల్లి చేతికివ్వచ్చు. గొట్టాలు, యంత్రం, సూదులు, ఆ హడావిడిలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం రెండున్నరకు వాడు పోయాడు. ఇరవై ఎనిమిది రోజులు బతికాడు.

ఆవిడే గొట్టాలు తీసింది, తడిగుడ్డతో తుడిచింది, తెల్లటి గుడ్డలో చుట్టింది. వాడిని తీసుకుని మెట్లు దిగి చెల్లెలి దగ్గరికి వెళ్లింది. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. అప్పటికే కబురు తెలుసు. చేతులు చాచలేదు. గుడ్డ వైపు చూసి, అక్క మొహం వైపు చూసి, "ఇప్పుడు బరువు సరిపోయిందా అక్కా?" అంది. గొంతు పెంచలేదు. అని, గోడవైపు తిరిగి పడుకుంది.

అక్క వాడిని తీసుకుని మళ్లీ పైకొచ్చింది. మరిది బస్సు మీద ఉన్నాడు, రావడానికి ఎంత లేదన్నా గంటన్నర. అంతవరకూ బిడ్డను ఉంచే చోటు వేరే ఉంది. ఆవిడ అక్కడికి పోలేదు. ఉతికిన దుప్పట్లు మడతపెట్టే చిన్న గదిలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టుకుని, స్టూలు మీద కూర్చుంది. వాడు చల్లబడుతున్నాడు. చల్లబడనివ్వకూడదన్నది పదేళ్ల అలవాటు. తెల్లకోటు గుండీలు విప్పి లోపలికి పెట్టుకుంది, చర్మానికి ఆనించి. గంటన్నర అలాగే కూర్చుంది. ఏడ్చింది కూడా, శబ్దం రాకుండా.

మరిది వచ్చి బిడ్డను తీసుకెళ్లాడు. ఆ గదిలో గంటన్నర సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పడం? వాణ్ని ఒంటికి హత్తుకోవాల్సింది తల్లి. ఆ తల్లికి లేదన్నది తను. లేదన్న మనిషే తీరిగ్గా కూర్చుని గంటన్నర హత్తుకుంది. దొంగతనం చేసినట్టే అనిపించింది ఆవిడకు. తూకం సంగతి ఒకటి, ఇదొకటి. రెండూ లోపలే ఉండిపోయాయి.

చెల్లెలు మాట్లాడటం మానలేదు. మానేసినా కొంత నయమయ్యేదేమో. వచ్చేది, పోయేది, అక్క కొడుకుల పరీక్షల గురించి అడిగేది, బావగారికి కాలు బెణికితే వారం రోజులు వచ్చి వంట చేసి పెట్టింది. కానీ "అక్కనడిగి చెప్తా" అన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు. రెండేళ్లకు కూతురు పుట్టింది, వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో. పుట్టాక ఫోన్ చేసి చెప్పింది. అక్క ఎంత బరువని అడగబోయి మానేసింది.

వాడు పోయిన పన్నెండేళ్లకు ఒకసారి ఆసుపత్రికి శిక్షణ ఇవ్వడానికి ఎవరో డాక్టరమ్మ వచ్చింది. కంగారూ పద్ధతట. ఆ జంతువు పిల్లను సంచిలో పెట్టుకుని మోసినట్టు, నెలలు నిండని బిడ్డను తల్లి ఛాతీ మీద బట్టలు అడ్డం లేకుండా పడుకోబెట్టాలి. గాజు పెట్టెకన్నా తల్లి ఒళ్లే వేడిని బాగా నిలబెడుతుందట. బరువు తొందరగా పెరుగుతుందట. జబ్బులు కూడా తగ్గుతాయట. నర్సులంతా రాసుకుంటున్నారు. గ్రాములమ్మ లేచి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఎంత బరువు నుంచి ఇవ్వచ్చండీ?"

"బరువుదేముందమ్మా" అంది ఆ డాక్టరమ్మ. "బిడ్డ కాస్త నిలకడగా ఉంటే చాలు. ఏడు వందలైనా, ఎనిమిది వందలైనా."

ఆవిడ కూర్చుంది. కలం చేతిలో ఉంది గాని ఒక్క అక్షరం రాయలేదు. వాడి ఇరవై ఎనిమిది రోజుల్లో ఎన్ని రోజులు వాడు నిలకడగా ఉన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పంతొమ్మిది. ఎత్తుకుంటే బతికేవాడని ఎవరూ అనలేరు. బతికేవాడు కాదనీ అనలేరు. ఆ రెండో మాటే ఆవిడను నమిలేసింది.

ఆ మర్నాటి నుంచి ఆ వార్డులో ఆ పద్ధతి పట్టుబట్టి నిలబెట్టింది ఆవిడే. వెనకాడిన పాత నర్సుల మీద ఒంటికాలి మీద లేచింది. తల్లి భయపడితే తనే పక్కన కూర్చుని, గొట్టాలు సర్ది, బిడ్డను తెచ్చి ఛాతీ మీద పెట్టేది. "పట్టుకోమ్మా, విరిగిపోదు. నీ బిడ్డేగా" అనేది. పెట్టాక మాత్రం అక్కడ ఉండేది కాదు, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్క గదిలోకి వెళ్లిపోయేది.

చెల్లెలికి చెప్పాలని అనుకోని రోజు లేదు. కూతురి మొదటి పుట్టినరోజున నోటిదాకా వచ్చింది. ఒకసారి ఇద్దరూ బస్సు కోసం నిలబడితే, "చిట్టీ, నీకొకటి చెప్పాలే" అని మొదలుపెట్టింది కూడా. బస్సొచ్చింది. హమ్మయ్య అనుకుంది, తర్వాత తనను తానే తిట్టుకుంది. ఉన్న ఒక్క చెల్లెలూ ఇది విని మొహం తిప్పుకుంటే తట్టుకోలేదు ఆవిడ. ఒకసారి తిప్పుకోగా చూసింది కదా. అలా సంవత్సరాలు గడిచిపోయాయి. అబద్ధమైతే కాలం గడిచేకొద్దీ పాతబడుతుంది. చెప్పని నిజం మాత్రం ఏటా ఇంకాస్త చెప్పలేనిదవుతుంది.

ఆవిడ రిటైరు కావడానికి నాలుగు నెలలుందనగా చెల్లెలి కూతురు కడుపుతో ఉండి బీపీ పెరిగి రెండో అంతస్తులో చేరింది. తల్లి వరసే వచ్చింది. చెల్లెలికి ఇక ఆ ఆసుపత్రి మెట్లెక్కక తప్పలేదు. ఇరవై ఆరేళ్ల తర్వాత. రెండో అంతస్తు వరకే వచ్చేది. ముప్ఫయ్యో వారం రాకముందే కాన్పు చేయాల్సి వచ్చింది. ఆడపిల్ల. తొమ్మిది వందల అరవై గ్రాములు. తల్లి కులాసా, బిడ్డ కూడా గట్టిదే, మూడో రోజుకే ఊపిరి యంత్రం తీసేశారు. అల్లుడికి పై ఊళ్లో సెలవు ఆలస్యంగా దొరికి ఇంకా దారిలోనే ఉన్నాడు.

ఆ పొద్దున పదిన్నరకు గ్రాములమ్మ చెల్లెలి కూతుర్ని చక్రాల కుర్చీలో పైకి తీసుకొచ్చి, వాలు కుర్చీలో పడుకోబెట్టి, గౌను గుండీలు విప్పించింది.

"పెద్దమ్మా, నాకు భయంగా ఉంది. ఇంత చిన్నగా ఉందేంటి?"

"చిన్నదాన్ని కన్నావు మరి. పట్టుకో. ఇలా, వీపు మీద చెయ్యి. ఆఁ, అంతే తల్లీ."

బిడ్డ ఛాతీ మీద సర్దుకుంది. చెల్లెలి కూతురు ఏడుస్తూ నవ్వుతోంది. ఆవిడ ఎప్పటిలాగే లేచి బయటికొచ్చింది. గాజు తలుపు అవతల బెంచీ దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. మెట్లెక్కి ఎప్పుడొచ్చిందో. గాజులోంచి చూస్తోంది.

"ఎంతుంది అది?" అంది చెల్లెలు, చూపు మరల్చకుండా.

దాటేసే దారి లేదు. "తొమ్మిది వందల అరవై."

చెల్లెలు తల ఊపింది. "ఇప్పుడు వెయ్యి అక్కర్లేదా?"

"అక్కర్లేదే. అప్పుడూ అక్కర్లేదు. మాకు తెలీలేదు." ఆవిడ బెంచీ మీద కూలబడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చచ్చేదాకా చెప్పలేనని తెలిసింది. "చిట్టీ, ఆ రోజు వాడు వెయ్యీ నాలుగు తూగాడు. త్రాసు అదే చూపించింది. చేతికి బద్ద ఉందని ఎనిమిది గ్రాములు నేను తీసేశాను. పక్కనున్న నర్సు ఇచ్చెయ్యమంది. నేనే ఇవ్వలేదు. నలుగురూ ఏమంటారోనని చూసుకున్నా. నీ మొహం చూడలేదు."

చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటుంది.

"ఎనిమిది గ్రాముల చెక్క" అంది చివరికి. "ఇది తెలిసుంటే అప్పుడు నిన్ను చంపేసేదాన్నే అక్కా."

"చంపేస్తే పోయేది."

"ఊరుకో." చెల్లెలు ఒళ్లో చేతులు నలుపుకుంటోంది. "నన్ను ఇన్నేళ్లూ తినేసింది అది కాదు. నువ్వు తెచ్చావు వాడిని. నేను గోడవైపు తిరిగాను. కనీసం చెయ్యైనా వేయలేదు. నీ మీద కోపంతో వాడిని పోగొట్టుకున్నా. ఆయన వచ్చేదాకా గంటన్నర పట్టింది కదా, అంతసేపూ వాడిని ఎక్కడ పెట్టారు? మీ ఆసుపత్రుల్లో రేకు ట్రేలుంటాయి. అందులో పెట్టుంటారు, ఎక్కడో ఒక గదిలో, ఒక్కడే. చలికాలం కూడాను. పిల్లకు పాలిస్తున్నా అదే గుర్తొచ్చేది. దుప్పటి కప్పుకుంటే అదే గుర్తొచ్చేది. అడుగుదామంటే భయం. ట్రేలోనే పెట్టామని చెప్తావేమోనని."

ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది.

"ట్రేలో పెట్టలేదే. నా దగ్గరే ఉన్నాడు. దుప్పట్ల గదిలో. కోటు విప్పి లోపల పెట్టుకున్నా, మరిది వచ్చేదాకా. ఒక్క క్షణం కూడా కింద పెట్టలేదు."

"నీ దగ్గరా?"

"నా దగ్గరే."

చెల్లెలి మొహం ముడుచుకుపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. అక్క చెయ్యి వేయబోయి, వేయాలో వద్దో తెలియక ఆగింది.

"ఇరవై ఆరేళ్లే" అంది చెల్లెలు. "ఇరవై ఆరేళ్లు వాడు ట్రేలో ఉన్నాడే నాకు. ఒక్క ముక్క చెప్తే పోయేది కదా. నా ఒళ్లో ఉన్నాడే చిట్టీ, అని ఒక్క ముక్క."

"నీకు దక్కాల్సింది నేను తీసుకున్నాననుకున్నా. ఏ మొహంతో చెప్పను?"

"ఎవరైనా ఒకరు ఎత్తుకున్నారు కదే వాణ్ని. అది చాలేది నాకు."

ఆవిడ వాడిని ఇవ్వనందుకు కుమిలిపోయింది ఇన్నాళ్లూ. ఇవ్వగలిగిన ఆ ఒక్కటీ కూడా తనే దాచేసిందని ఇప్పుడు తెలిసింది. నియమం చెప్పలేదు దాచమని. పెద్ద డాక్టరూ చెప్పలేదు. ఇది పూర్తిగా తను చేసుకున్నదే.

లోపల నర్సెవరో చెల్లెలి కూతురికి దిండు సర్దుతోంది. చెల్లెలు కళ్లు తుడుచుకుంది. బెంచీ మీద జరిగి అక్క దగ్గరగా వచ్చింది. చిన్నప్పుడు ఏదైనా అడగాలంటే అలాగే జరిగేది.

"ఎలా ఉన్నాడే, ఎత్తుకుంటే?"

ఆవిడ కళ్లు మూసుకుంది. వెతుక్కుంది. త్రాసు మీది అంకెలన్నీ వచ్చాయి, ఎనిమిది వందల డెబ్బై మొదలు వెయ్యీ నాలుగు దాకా, తేదీలతో సహా. ఆ గంటన్నర మాత్రం రాలేదు. దాన్ని తలుచుకోవడానికే భయపడి, వచ్చినప్పుడల్లా తోసేసి, తోసేసి, చివరికి అది ఎక్కడికి పోయిందో తెలియకుండా పోయింది. వాడి మొహం కోసం చూస్తే, ఈ ఇరవై ఆరేళ్లలో తన చేతుల మీదుగా వెళ్లిన పిల్లలందరి మొహాలూ కలగాపులగంగా వస్తున్నాయి.

"చెవులు మెత్తగా ఉన్నాయి" అంది మెల్లగా. "అంత చిన్నపిల్లలకు చెవుల్లో గట్టిదనం ఉండదు. ఎడమ చెవి మడతపడి ఉంటే నేను వేలితో సరిచేశా."

చెల్లెలు వింటోంది. ఇంకాస్త ముందుకు వంగింది.

"ఇంకా?" అంది.

"ఇంకా..."

"చెప్పవే. ఇంకా?"

"గుర్తు లేదు చిట్టీ" అంది ఆవిడ. "అప్పుడైతే అంతా చెప్పేదాన్ని."